మత్తు డాక్టరు గారి ఉప్పు పాఠం

మా తమ్ముడు శేషగిరి ముప్పై ఒక్క సంవత్సరాలు ఇంగ్లండులోని స్విండన్‌లో మత్తు డాక్టరుగా పనిచేశాడు. కోసేవాళ్ళు వేరు, కుట్టేవాళ్ళు వేరు. వీడి పనల్లా మనిషిని నిద్రపుచ్చటం, కోత అయ్యాక లేపటం. 2010లో రిటైరయ్యాడు. ఆ రోజు నుంచి లేపే పని మానేశాడు గాని నిద్రపుచ్చే పని మానలేదు. అనుమానముంటే ఒక పూట మా ఇంటికి భోజనానికి రండి.

అంత పెద్ద డాక్టరు గురించి, ఆయన ఇంట్లోనే ఉంటూ, రాయటానికి నీకేం అర్హత ఉందమ్మా అని ఎవరైనా అడగొచ్చు. నేను మూడో తరగతిలో ఉండగా వీడు పుట్టాడు. అమ్మకు ఒంట్లో బాగుండక, వీణ్ణి ఎత్తుకుని తిరగటానికి నన్ను బడి మానిపించారు. వీడికి నడక వచ్చేసరికి నన్ను మళ్ళీ బడికి పంపాలన్న సంగతి నాకు తప్ప ఇంట్లో అందరూ మరిచిపోయారు. అంచేత వాడి పేరు వెనక ఉన్న డిగ్రీల్లో సగం నా వాటా. ఆ వాటా నేనెప్పుడూ అడగలేదు. కాని వాణ్ణి నాలుగు మాటలనే హక్కు మాత్రం వదులుకోలేదు.

మాది చినగంజాం పక్కన పల్లె. ఉప్పు పండే నేల. నాన్న ఉప్పు కొఠారులో గుమాస్తా. మళ్ళలోకి నీళ్ళు పెట్టి, ఎండకు ఉప్పు తేలాక పారలతో లాగి కుప్పలు పోసి తాటాకులు కప్పేవాళ్ళు. మా ఇంట్లో అద్దం మీద ఉప్పు, దుప్పటి మీద ఉప్పు, నాన్న మీసం మీద ఉప్పు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు అరవై మూడేళ్ళు నిండాక, స్విండన్‌లో హీటర్ పక్కన కూర్చుని, ఉప్పంటే ఏమిటో ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుసుకున్నాడు. తెలుసుకుని నాకు చెప్పబోయాడు కూడా.

ఈ పుస్తకాల జబ్బుకు కారణం వాడి తోటి డాక్టర్లే. వీడ్కోలు పార్టీలో అందరూ చందాలేసుకుని పుస్తకాల షాపు టోకెను ఇచ్చారు. గోడ గడియారం ఇచ్చినా సరిపోయేది. ఆ టోకెనుతో వీడు ఇటుకంత లావు పుస్తకం తెచ్చాడు. బంగాళాదుంప లోకాన్ని ఎట్లా మార్చిందీ అని నాలుగు వందల పేజీలు. అది అయిపోగానే మిరియాలు. తర్వాత పంచదార, టీ, అరటిపండు, వెన్న. ప్రతి వస్తువూ లోకాన్ని మార్చినదే. ఇన్ని వస్తువులు ఇన్నిసార్లు మార్చాక కూడా లోకం ఇట్లా ఎందుకుందిరా అని అడిగాను. అక్కా, నీకు అర్థం కాదులే అన్నాడు. అర్థం కావటానికి నేనేం చదువుకోలేదు గదా, నిజమే. అయినా అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు.

చదివి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. వీడు చదివింది కంచం దగ్గర తేలుతుంది. ఉప్మా పెడితే రవ్వ ప్రయాణం, టీ ఇస్తే చైనా యుద్ధాలు. వేపుడు వడ్డించేలోగా పెరూ దేశం కొండల్లోకి వెళ్ళి తిరిగొస్తాడు. ఈలోపు వేపుడు చల్లారిపోతుంది. మా మరదలు జయలక్ష్మి ఇరవై ఏళ్ళు సర్జరీలో, అంటే ఇక్కడి పేట డాక్టరు క్లినిక్కులో, రిసెప్షన్ చూసిన మనిషి. ఎదుటివాళ్ళ నొప్పుల చిట్టా అంతా విని, చివర్న "కూర్చోండి, పిలుస్తారు" అనటం అలవాటు. మొదట్లో మొగుడి పాఠాల్నీ అట్లాగే వినేది. మూడో ఏడు వచ్చేసరికి ఆ ఓర్పూ అయిపోయింది. కూర వడ్డించి, తన కంచం పట్టుకుని టీవీ గదిలోకి పోయేది. మిగిలేది నేను. నేను చెవి మిషను తీసి పక్కన పెట్టుకునేదాన్ని.

బయట కూడా అదే వరస. రాజ్‌కిరణ్ అని మా వీధి చివర సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిచాడు. వాళ్ళ నాన్న కోటయ్య గారు గుంటూరు దగ్గర మిరప పండించిన రైతు, ఆరునెలల వీసా మీద వచ్చి ఉన్నాడు. ఆయన తెచ్చిన కొరివికారం అందరం లొట్టలేసుకుంటూ తింటుంటే మావాడు గొంతు సవరించుకున్నాడు. మిరపకాయ అసలు మనది కాదనీ, పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చి ఐదు వందల ఏళ్ళే అయిందనీ మొదలుపెట్టాడు.  కోటయ్య గారు ముద్ద మింగి, నీళ్ళు తాగి, నెమ్మదిగా అడిగాడు.

"అయితే డాక్టరు గారూ, ఐదొందల ఏళ్ళున్నా దానికి ఇంకా మన దేశం పౌరసత్వం ఇవ్వలేదంటారా? మావాడికి ఇక్కడ ఆరేళ్ళకే ఇచ్చారే."

 ఇంటికొచ్చే దారిలో మా తమ్ముడు, ఆ ప్రశ్న మంచిదే అక్కా, ఏ పుస్తకంలోనూ లేదు అన్నాడు. వాడిలో నాకు నచ్చేది అదొక్కటే. దెబ్బ తిన్నా, ఎక్కడ తగిలిందో సరిగ్గా చూసుకుంటాడు.

ఇహ అసలు సంగతికొస్తాను. 2014లో, ఆకులు రాలే రోజుల్లో, మా పేట లైబ్రరీలో హెలెన్ అనే ఆవిడ వీడికొక మాట చెప్పింది. లైబ్రరీ వెనక గది గురువారం సాయంత్రాలు ఖాళీ అవుతోంది. తిండి చరిత్ర మీద పది వారాల క్లాసు పెట్టుకోవచ్చు. కాని ముందు ఒక నమూనా పాఠం చెప్పాలి. ఆ సాయంత్రం పూర్తయ్యేలోపు కాగితం మీద పదిహేను పేర్లు పడాలి. రాసినవాళ్ళు పది వారాలూ రావాలి. ఒక్క పేరు తగ్గినా గది బొంతలు కుట్టుకునే ఆడవాళ్ళకు పోతుంది. వాళ్ళు పద్దెనిమిది మంది ఇప్పటికే సిద్ధంగా ఉన్నారు.

ఆ మాట విని వచ్చిన రోజున వాడు కోటు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడిపోయాడు. ఆసుపత్రిలో ప్రతి సోమవారం గోడ మీద ఎవరి డ్యూటీ ఎప్పుడో రాసిన రోటా అంటించేవాళ్ళనీ, ముప్పై ఒక్క ఏళ్ళు దాని మీద తన పేరు చూసుకునేవాడిననీ, నాలుగేళ్ళుగా ఏ గోడ మీదా తన పేరు లేదనీ చెప్పాడు. చెప్పి, కెటిల్ ఆన్ చేసి, అందులో నీళ్ళు పోయటం మరిచిపోయాడు. అప్పుడు తెలిసింది నాకు, ఇది బంగాళాదుంపల సరదా కాదని.

జయలక్ష్మికి ఆ సంగతి నాకంటే ముందే తెలిసినట్టుంది. తెల్లారి నుంచి ఫోను పట్టుకుంది. తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ చేసి, వచ్చి పేరు రాయమని బతిమాలింది. మీరు పది గురువారాలు ఓర్చుకోండి, నేను నాలుగేళ్ళుగా ఓర్చుకుంటున్నాను అనేది. ఆయన వారానికి రెండు గంటలు బయట మాట్లాడితే ఆ మేరకు ఇంట్లో తగ్గుతుంది గదా వదినా అని నాకు లెక్క చెప్పింది. నాకా లెక్క మీద నమ్మకం కుదరలేదు. బావిలో నీళ్ళు తోడిన కొద్దీ ఊరతాయి.

నమూనా పాఠానికి ఉప్పు ఎంచుకున్నాడు. నలభై పేజీలు రాశాడు. రోము సైనికులు, చైనా పన్నులు, జర్మనీ గనులు, చేపలు ఊరేసిన ఓడలు. చినగంజాం ఏదిరా అని అడిగితే, దాని గురించి ఎవరూ రాయలేదక్కా, ఆధారాలు లేవు అన్నాడు. వాడి ఎదురుగా కూర్చున్నాను నేను, డెబ్బై అయిదేళ్ళ ఆధారాన్ని.

ఇంకొక ఆలోచన కూడా చేశాడు. నాలుగు స్టీలు గిన్నెల్లో నాలుగు రకాల ఉప్పు పోసి, మనిషి నుంచి మనిషికి అందిస్తూ రుచి చూపిస్తాడట. నేను సంచిలో దాచుకున్న మా ఊరి కల్లుప్పు కూడా అడిగి తీసుకున్నాడు. అప్పుడే చెప్పాను, ఉప్పు చేతికివ్వకూడదురా, బల్ల మీద పెట్టు, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుంటారు అని. ఉప్పు చేతికిస్తే పోట్లాటలొస్తాయని మన ఇళ్ళల్లో పసిపిల్లకు కూడా తెలుసు. వాడు నవ్వాడు. ఉప్పు ఖరీదైన కాలంలో ఒలకపోస్తారని పెట్టిన నియమం అదనీ, కారణం పోయినా భయం మిగిలిందనీ, దాన్నే మూఢనమ్మకం అంటారనీ చెప్పాడు. పన్నెండో పేజీలో ఉందట.

గురువారం రానే వచ్చింది. వాట్‌ఫర్డ్‌లో ఉద్యోగం చేసే మావాడి కూతురు మాయ సెలవు పెట్టి వచ్చి గోడ మీద బొమ్మలు వేసే మిషను చూసుకుంది. గదిలో ఇరవై ముగ్గురు. తొమ్మిది మంది మనవాళ్ళు, మిగిలినవాళ్ళు ఇంగ్లీషువాళ్ళు. ముందు వరసలో రాన్ అనే పొడుగాటి ముసలాయన. ఈ ఊరి రైలింజన్ల కార్ఖానా మూతపడేదాకా అందులో పనిచేసినవాడు. చేతులు చేటలంత ఉన్నాయి, గోళ్ళ మూలల్లో నలుపు ఈ జన్మకు పోదు. అయిదేళ్ళ కిందట ఆయన తుంటికి ఆపరేషనైతే మత్తిచ్చింది మావాడేనట. ఆ మాట అందరికీ చెప్పుకుంటూ కూర్చున్నాడు.

ఇంగ్లీషు నాకు వినటం వచ్చు, అనటం రాదు. ఆ సాయంత్రం వినటం కూడా రాకపోతే బాగుండేదనిపించింది. మావాడు కాగితంలోంచి తల ఎత్తకుండా చదివాడు. రోము దాటి చైనాకు వచ్చేసరికి వెనక వరసలో ఇద్దరు నిద్రపోయారు. గనుల్లోకి దిగేసరికి ఇంకో నలుగురు. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా. జయలక్ష్మి మాత్రం తలుపు దగ్గర బల్ల మీదున్న తెల్లకాగితం వంకే చూస్తోంది. దాని మీద ఒక్క పేరు కూడా లేదు.

అప్పుడు గిన్నెలు తీశాడు. మొదటిది రాజ్‌కిరణ్ చేతికి అందించబోతే, ఆ కుర్రాడు మొహమాటంగా నవ్వి బల్ల వైపు చూపించాడు. రెండోది నాగేశ్వరికి. ఆవిడ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు, రోజుకు నలభై మందికి బుద్ధి చెప్పే మనిషి. రెండు చేతులూ శాలువా లోపలికి లాక్కుంది. మనవాళ్ళ వరస వరసంతా చేతులు కట్టుకుని కూర్చుంది. మావాడికి చికాకేసింది. ఇంగ్లీషువాళ్ళ వైపు తిరిగి, చూశారా, ఇదే మూఢనమ్మకం, చదువుకున్నవాళ్ళను కూడా వదలదు అని పన్నెండో పేజీ అందుకున్నాడు. మా నాగేశ్వరి ముఖం మాడిపోయింది.

రాన్ ఈలోపు మా ఊరి కల్లుప్పు గిన్నె తీసుకుని, ఒక పలుకు నాలుక మీద వేసుకున్నాడు. ఇది బాగుంది డాక్టర్, మీరూ చూడండి అంటూ లేచి, అరచేతిలో కాస్త ఉప్పు పోసుకుని మావాడి ముందుకు చాపాడు.

మావాడి చెయ్యి వెనక్కి పోయింది.

పోయిందంటే మామూలుగా కాదు. నిప్పు తగిలినట్టు పోయి వీపు వెనక దాక్కుంది. ఆ కుదుపుకు పన్నెండో పేజీ కింద పడింది. గదిలో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచారు. రాన్ చాపిన చెయ్యి అట్లాగే ఉంది. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా తగ్గింది. తన చేతిని తిరగేసి చూసుకుని, శుభ్రంగా కడుక్కునే వచ్చానన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు.

"ఆ రోజు ఈ చెయ్యే పట్టుకుని సూది గుచ్చారు డాక్టర్. అప్పుడు పనికొచ్చింది గదా."

హెలెన్ నేల చూపులు చూసింది. మాయ మిషను ఆపేసింది. మావాడు కింద పడిన కాగితం వంక చూశాడు, తీసుకోలేదు. కళ్ళజోడు తీశాడు. ఇంగ్లీషులోనే మాట్లాడాడు గాని, వాడు ఇంగ్లీషు అంత మెల్లగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

తనకు ఆరేళ్ళప్పుడు పక్కింటావిడ కాస్త ఉప్పు కావాలని అడిగిందట. అమ్మ కొబ్బరిచిప్పలో పోసి వీడితో పంపింది. దారిలో వీడికి ఆ చిప్ప టోపీలా నెత్తిన పెట్టుకోవాలని బుద్ధి పుట్టింది. ఉప్పు దోసిట్లో పోసుకున్నాడు. చిప్ప నెత్తిన పెట్టుకుని వెళ్ళి, ఆవిడ చేతుల్లోనే పోశాడు. ఆవిడ కూడా ఏదో ధ్యాసలో పట్టేసుకుంది. వారం తిరక్కుండా రెండిళ్ళకూ గోడ తగాదా వచ్చింది. వాళ్ళబ్బాయి వీడికి ప్రాణస్నేహితుడు. మళ్ళీ ఆ పిల్లలిద్దరూ మాట్లాడుకోలేదు. పెద్దయ్యాక తెలిసింది, ఎవరో హద్దురాయి జరిపారని, ఆ తగాదా ఉప్పు ఇవ్వకముందే ముదిరి ఉందని.

"ఉప్పు వల్ల పోట్లాట వస్తుందని నేను నమ్మను," అన్నాడు. "నా చెయ్యి నమ్ముతుంది. దానికి ఇంకా ఆరేళ్ళే."

రాన్ వైపు తిరిగాడు.

"మీతో పోట్లాట నాకిష్టం లేదు. అందుకే వెనక్కి పోయింది."

ఈ కథ నాకే తెలియదు. ఆ గోడ తగాదా నాకు బాగా తెలుసు, ఆ ఇంటావిడ తిట్లు ఇప్పటికీ వరసపెట్టి అప్పచెప్పగలను. వీడు చిప్ప టోపీ పెట్టుకుని ఇంటికొచ్చిన రోజు కూడా గుర్తుంది, నవ్వాను కూడా. ఒళ్ళో పెట్టుకుని పెంచినదాన్ని, ఆ పసివాడు అరవై ఏళ్ళు ఒక తగాదాను ఒంటరిగా మోస్తున్నాడని నాకు తెలియలేదు. స్విండన్‌లో ఇరవై మంది పరాయివాళ్ళతో పాటు తెలిసింది. కొంచెం కోపమొచ్చింది, దాచటమెందుకు.

రాన్ ఆలోచించాడు. అరచేతిలో ఉప్పును గిన్నెలో పోసేసి, గిన్నె బల్ల మీద పెట్టి, ఒక్క వేలితో మావాడి వైపు నెట్టాడు. మావాడు బల్ల మీది నుంచి ఒక పలుకు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఇక మనం పోట్లాడుకోనక్కర్లేదు గదా అన్నాడు రాన్. అని, తన కథ ఎత్తుకున్నాడు. వాళ్ళమ్మ కొత్త ఇంట్లో అడుగుపెట్టేముందు రొట్టె, ఉప్పు, ఒక బొగ్గు ముక్క పట్టుకెళ్ళేదట. ఒలికిన ఉప్పును ఎడమ భుజం మీదుగా వెనక్కి విసిరేదట, ఒకసారి వెనక ఉన్న వాళ్ళ నాన్న కంట్లో పడిందట. వెనక వరసలో ఒకామె తన అత్తగారి ఉప్పుడబ్బా గురించి చెప్పింది. నాగేశ్వరి శాలువాలోంచి చేతులు తీసి, వాళ్ళ అమ్మమ్మ దీపాలు పెట్టాక ఉప్పు అనే మాటే నోటితో అననిచ్చేది కాదని చెప్పింది. పన్నెండో పేజీ కింద, మిగతావి బల్ల మీద పడి ఉన్నాయి. ఎవరూ వాటిని అడగలేదు, రాసినవాడితో సహా.

హెలెన్ గడియారం చూసి లేచేసరికి అందరూ తలుపు దగ్గర బల్ల చుట్టూ మూగారు. రాన్ అందరికంటే ముందు రాశాడు. నేను తెలుగులో రాశాను, ప్రభావతి అని, దీర్ఘం పోకుండా. ఇది లెక్కలోకి వస్తుందా అని మాయ అడిగితే, మనిషి వస్తే లెక్కే అంది హెలెన్. రాయటానికి వాళ్ళంతట వాళ్ళే వచ్చిన మనవాళ్ళు అయిదుగురే. మిగిలినవాళ్ళకు గురువారం డ్యూటీలు, పిల్లల ఈత క్లాసులు. ఫోనులో సరేనన్నవాళ్ళు కూడా జయలక్ష్మి కంట పడకుండా కోట్లు తొడుక్కున్నారు.

హెలెన్ వేలు పెట్టి లెక్కపెట్టింది. పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టింది. పద్నాలుగే.

పేరు రాయనివాళ్ళలో ఇంకా గదిలో మిగిలింది మాయ, జయలక్ష్మి. మాయ గురువారాలు వాట్‌ఫర్డ్ నుంచి రావటం కుదరదు. జయలక్ష్మి, ఊరందరికీ ఫోను చేసిన జయలక్ష్మి, తన పేరు రాయాలని ఒక్కసారి కూడా అనుకోలేదు. అనుకోదు మరి. ఆవిడకు కావలసింది మొగుడు గురువారం ఇంట్లో లేకపోవటం, ఆ మొగుడి ఎదురుగా రెండు గంటలు కూర్చోవటం కాదు. మావాడు అడగలేదు. గిన్నెలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాడు.

జయలక్ష్మి పెన్ను తీసుకుని, కాగితం మీద పెట్టకుండా ఆగింది.

"భోజనాల దగ్గర నోరెత్తనంటే రాస్తాను," అంది.

మావాడు చేతిలో గిన్నె కింద పెట్టాడు. "కాఫీ దగ్గర?"

"కాఫీ కూడా."

"కారులో?"

"కారులో చెప్పుకోండి. రేడియో ఉంటుంది."

సరేనన్నాడు. ఆవిడ రాసింది. హెలెన్‌కు ఆ ఒప్పందం అర్థం కాలేదు గాని, పదిహేను అని పైకే అనేసి కాగితం మడిచి పెట్టుకుంది. బొంతల ఆడవాళ్ళకు ఇంకో గది చూస్తానంది.

మావాడు మాట తప్పే మనిషి కాదు. మర్నాటి నుంచి మా ఇంట్లో భోజనాలు మౌనవ్రతాల్లా నడిచాయి. ఇడ్లీ వచ్చింది, వెళ్ళింది. వంకాయ వచ్చింది, వెళ్ళింది. వాడు తల వంచుకుని తిని, కంచం కడుక్కుని లేచేవాడు. నేను చెవి మిషను పెట్టుకునే కూర్చున్నాను. గరిటె చప్పుడు, నమిలే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మొదటి రెండు రోజులు జయలక్ష్మి ముఖం వెలిగిపోయింది. టీవీ గది నుంచి కంచం తెచ్చుకుని మాతోనే కూర్చుంది. మూడో రోజు రెండుసార్లు మొగుడి వంక చూసింది. నాలుగో రోజు పులుసు బాగుందా అని అడిగింది. బాగుందన్నాడు. అంతే.

అయిదో రోజు మంగళవారం. బెండకాయ వేపుడు. జయలక్ష్మి వడ్డించి, కూర్చుని, లేచి, నీళ్ళు తెచ్చి, మళ్ళీ కూర్చుంది.

"ఏమండీ, ఈ బెండకాయ అసలు ఎక్కడిదంటారు?"

మావాడు ముద్ద నమిలి మింగాడు. ముఖంలో ఎక్కడా నవ్వు లేదు.

"గురువారం క్లాసుకు రా, చెప్తాను," అన్నాడు.